కళ్లు చూస్తారు సరే, కడుపు ఎవరు చూస్తారు?

మా పల్లెలో స్టీరింగు పట్టిన చేతికి ఒక చరిత్ర ఉంది. తాత పాలేరు. తండ్రి కూలీ. కొడుకు లారీ క్లీనరుగా చేరి డ్రైవరయ్యాడు. ఎస్సీ కార్పొరేషన్ లోనుతో కారు తెచ్చుకుని ఓనరయ్యాడు. కామందుల వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్ల మనవడు ఇవాళ కామందు మనవణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టుకుని విజయవాడ తీసుకెళ్తున్నాడు. మిగతావాళ్లకు లైసెన్సంటే జేబులో కార్డు. మాకు అదే పొలం, అదే పట్టా.

ఆ పట్టా మొన్న ఒకాయన చేతిలోంచి జారిపోబోయింది. ఆయన మాకు బాబాయి వరస. యాభై రెండేళ్లు. పాతికేళ్లుగా టాక్సీ తోలుతున్నాడు. 2019 సవరణ చట్టం వచ్చాక టాక్సీ లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. దానికి ఫారం 1-ఎ అనే మెడికల్ సర్టిఫికెట్ కావాలి. పగటి వెలుతురులో 25 మీటర్ల దూరాన ఉన్న కారు నంబరు ప్లేటు చదవగలడా, రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉందా, మూర్ఛ ఉందా, రేచీకటి ఉందా అని డాక్టరు చూసి సంతకం పెట్టాలి.

ఆ డాక్టరు నిజంగానే చూశాడు. రెండు కళ్లలోనూ శుక్లాలు. సంతకం పెట్టనన్నాడు. లైసెన్సుల ఆఫీసుకి పోతే కిటికీలోంచే "కళ్లు పోయాక కారెందుకు, ఇంటికాడ కూర్చో" అన్నారు. చేతికి కాగితం ముక్క ఇవ్వలేదు. గేటు బయట ఏజెంటు మాత్రం ప్రేమగా పలకరించాడు. డబ్బులిస్తే సాయంత్రానికి సర్టిఫికెట్ తెస్తానన్నాడు, కళ్లతో పనిలేకుండా.

ఆ రాత్రి బాబాయి మా ఇంటికొచ్చాడు. "అబ్బాయ్, నువ్వు సదువుకున్నోడివి. సర్టిఫికెట్ కొనమంటావా, కారు అమ్ముకోమంటావా?" అనడిగాడు.

మాకు వెంటనే నోరు పెగల్లేదు. ఎందుకంటే నలభై దాటాక మా మోటారు సైకిలు లైసెన్సు రెన్యువల్‌కి మేము తెచ్చుకున్న సర్టిఫికెట్ కూడా అలాంటిదే. సంతకం పెట్టిన డాక్టరు మా మొహం చూడలేదు. బళ్లో పిల్లలకి కాపీ కొట్టొద్దని చెప్పే మేము పరీక్ష రాయకుండానే పాసయ్యాం. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాయాలి.

మన మిత్రులు కొందరు ఈ పరీక్షలన్నీ మన పొట్ట కొట్టడానికే అంటున్నారు. మేము ఒప్పుకోం. బాబాసాహెబ్ 1929లో చాలీస్‌గావ్‌లో దిగినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అంటరానివాణ్ణి ఎక్కించుకోమని టాంగావాళ్లు మొండికేశారు. మహార్ల వాడవాళ్లు టాంగా అద్దెకు తెచ్చారు. తోలడం రాని మనిషి పగ్గాలు పట్టాడు. వంతెన మీద టాంగా దెబ్బతిని అంబేద్కర్ కాలు విరిగింది. ఆయన పరువు నిలపబోయి ఆయన ప్రాణం మీదికే తెచ్చారు. వెనక సీట్లో కూర్చున్నది కామందు మనవడైనా మన బిడ్డయినా ప్రాణం ప్రాణమే. కనపడని కళ్లతో కారు తోలే హక్కు మేము అడగం.

మరి ఏమడుగుతున్నాం? న్యాయం. మోటారు వాహనాల చట్టం, 1988లో 17వ సెక్షన్ ఉంది. లైసెన్సు ఇవ్వకపోయినా, రెన్యువల్ చేయకపోయినా, రద్దు చేసినా కారణం రాసి ఆర్డరివ్వాలి. ఆర్డరు అందిన 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. కిటికీలోంచి "పోవోయ్" అనడం ఆర్డరు కాదు. కాగితం లేకపోతే అప్పీలు లేదు. అందుకే మనవాడికి కాగితం ఇవ్వరు.

రెండో మాట. శుక్లం ఆపరేషనుతో పోయేది. "ఇప్పుడు తోలకూడదు, కళ్లు బాగయ్యాక రా" అనడం వైద్యం. "ఇంటికాడ కూర్చో" అనడం శిక్ష.

పైగా రూలు పుస్తకంలో రాసిందల్లా సైన్సు కాదు. చెవిటివాళ్లు లైసెన్సుకి పనికిరారని చాలాకాలం అన్నారు. 2011లో ఢిల్లీ హైకోర్టు వాళ్లకీ దారి తెరిచింది. టాక్సీ తోలాలంటే ఎనిమిదో తరగతి ఉండాలన్నారు. 2019లో ఆ రూలు ఎత్తేశారు. రంగులు గుర్తుపట్టడంలో కొద్దిపాటి, మధ్యరకం లోపం ఉన్నవాళ్లకు 2020లో అనుమతిచ్చారు. దాన్ని వర్ణాంధత్వం అంటారు. ఈ దేశంలో వర్ణం కనపడని కళ్లుంటే మేము దండేసి మొక్కుదుము, అది వేరే సంగతి! పోయిన తలుపులు తెరుచుకున్నాయి సరే. అన్నేళ్లు బయట నిలబడ్డవాళ్ల బతుకులు ఎవరు తిరిగిస్తారు?

మూడో మాట అసలు మాట. ప్రభుత్వోద్యోగంలో ఉండగా మనిషి వికలాంగుడైతే, జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్తోంది. వర్ణాంధత్వం పేరుతో తీసేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకి తగిన మరో ఉద్యోగం ఇవ్వాలని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మంచి తీర్పే. మరి మా బాబాయికి? ఆయనకి ఆర్టీసీ లేదు, జీతం లేదు, వేరే పని లేదు. నెల నెలా కారు కిస్తీ మాత్రం ఉంది.

యాప్ కంపెనీల కింద తోలేవాళ్లకి ఐదు లక్షల ఆరోగ్య బీమా, పది లక్షల జీవిత బీమా చేయించాలని కేంద్రం 2020లో మార్గదర్శకాలిచ్చింది. 2025లో మళ్లీ ఇచ్చింది. రాష్ట్రాలు అమలు చేస్తేనే అవి పనికొచ్చేది. స్టాండులో సొంత కారు పెట్టుకున్నవాడికి అవీ వర్తించవు. ఫారం 1-ఎ మనిషి కన్ను చూస్తుంది. ఆ కన్ను నిన్న ఎన్ని గంటలు నిద్రపోయిందో అడగదు.

బాబాయితో సర్టిఫికెట్ కొననివ్వలేదు. బడి ఆటల టేపుతో 25 మీటర్లు కొలిచి ఆయన్ని నిలబెట్టాం. నంబరు చదవలేకపోయాడు. ఏజెంటు సంగతి ఆ తర్వాత ఆయనే ఎత్తలేదు. ప్రభుత్వాసుపత్రిలో ఒక కన్ను తర్వాత ఇంకో కన్ను ఆపరేషను అయ్యాయి. కారు ఆగిన రెండు నెలలూ కిస్తీకి పల్లెంతా తలా వందా రెండొందలూ వేసింది. కళ్లద్దాలొచ్చాక అదే గీత మీద నిలబడి నంబరు గడగడా చదివాడు. అదే డాక్టరు సంతకం పెట్టాడు. మేము కూడా ఆ గీత మీద నిలబడి చదివాం, ఆలస్యంగానైనా.

పల్లె చందాలతో ఎన్ని కళ్లు బాగుచేస్తాం? ఎందరి కిస్తీలు కడతాం? అందుకే మా డిమాండ్లు ఇవి:

ప్రతి జిల్లాలో డ్రైవర్లకు ఉచితంగా నిజమైన పరీక్ష పెట్టాలి. దొంగ సర్టిఫికెట్ల దుకాణాలు మూయాలి.

కాదన్న ప్రతిసారీ కారణం రాసి చేతికివ్వాలి.

వైద్యం అయ్యేదాకా కార్పొరేషన్ లోను కిస్తీలు ఆపాలి, వడ్డీ లేకుండా.

ఇక తోలలేడని తేలినవాడికి వేరే బతుకుదెరువు చూపించాలి.

మా కళ్లు చూడండి, వద్దనం. ఆ చూసే కళ్లతోనే మా కడుపు కూడా చూడండి.

జై భీమ్!