చెత్త పన్ను పోయింది, మరి బిల్లు?

2024 అక్టోబర్ 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు చెత్త పన్ను రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ రోజు పండగే. సరిగ్గా మూడేళ్ల ముందు, 2021 అక్టోబర్ 2న, అప్పటి ముఖ్యమంత్రి జగన్ 'క్లాప్' అనే పథకం కింద చెత్త బండ్లకు జెండా ఊపినప్పుడు అదే గ్రూపులో ఎవరూ క్లాప్స్ కొట్టలేదు. ఇంటికి మూడు రంగుల బుట్టలిచ్చి, వెనకాలే నెలకు 120 రూపాయల దాకా కట్టమంటే ఎవరు కొడతారు! పెట్టిందీ గాంధీ జయంతి రోజే, తీసిందీ గాంధీ జయంతి రోజే. పాపం ఆయన్ని రెండు వైపులా వాడేసుకున్నాం.

రద్దు చేయడం తప్పని నేను అనను. ఆ పన్ను నిజంగానే చెత్తగా ఉండేది. కాకపోతే ఇప్పుడు మనమంతా 'ఫ్రీ' అనుకుంటున్నాం చూడండి, నా గొడవ దాంతోనే.

ముందు జనం అడిగిన ప్రశ్న చూద్దాం. "ఇంటి పన్ను కడుతున్నాం కదా, మళ్లీ ఇదేంటి?" న్యాయమైన ప్రశ్నే. ఇంటి పన్ను అని ఒక్క ముక్కలో అనేస్తాం గానీ, మున్సిపల్ చట్టాల్లో అది నాలుగైదు పన్నుల మూట. నీళ్లకి, డ్రైనేజీకి, వీధి దీపాలకి, పారిశుద్ధ్యానికి విడివిడిగా లెక్క కట్టి కలిపేస్తారు. అంటే ఊడ్చే ఖర్చు అందులో ముందే ఉంది. పైగా ఇంచుమించు అదే టైమ్‌లో ఇంటి పన్నుని అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేయడం మొదలుపెట్టారు. ఏడాదికి 15 శాతం మించి పెరగదు అని భరోసా ఇచ్చారు. పెరగదు అనడానికి అదేం భరోసానో నాకైతే అర్థం కాలేదు.

అసలు లోపం అది కూడా కాదు. తడి చెత్త, పొడి చెత్త శ్రద్ధగా వేరు చేసే ఇంటికీ అదే రేటు, అన్నీ ఒకే కవర్లో కుక్కి మూతి కట్టి పడేసే ఇంటికీ అదే రేటు. ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఒకే అవుట్‌పుట్ వస్తే దాన్ని ఫంక్షన్ అనడం దండగ, కాన్‌స్టంట్ అంటే సరిపోతుంది. ఇక వసూలు ఎలా జరిగిందంటే, 2022లో కర్నూలులో పన్ను కట్టని షాపుల ముందు మున్సిపల్ సిబ్బంది చెత్త తెచ్చి పోశారు. ఆ తర్వాత దాన్ని ఎవరు సమర్థిస్తారు?

సరే, పోయింది. మరి ఖర్చు? 2023 డిసెంబర్ చివర్లో రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెకి దిగారు. అప్పటికి వాళ్లకి వచ్చేది 15 వేల జీతం, 6 వేల ఆరోగ్య భత్యం. కొన్ని రోజులకే వీధి మూలల్లో కుప్పలు లేచాయి. బండి, డీజిల్, డ్రైవర్, డంపింగ్ యార్డు, ఇవన్నీ ఎవరో ఒకరు కడితేనే నడుస్తాయి. ఇప్పుడది ఇంటి పన్నులోంచో, ప్రభుత్వ నిధుల్లోంచో వెళ్తోంది. బిల్లు మన చేతికి రావడం లేదు, అంతే తేడా.

అలా కనపడకుండా పోయిన బిల్లు వల్ల ఎక్కువ లాభపడేది ఎవరు? రోజుకో చిన్న కవర్ బయటపెట్టే పెద్దావిడ కాదు. రాత్రి పదకొండుకి డ్రమ్ముల కొద్దీ ఎంగిలి బయటికి తోసే బిర్యానీ సెంటర్, పెళ్లి రోజు ఒక్క పూటలో ట్రాక్టర్ నింపే ఫంక్షన్ హాలు. ఇళ్లకి మాఫీ ఇవ్వడం వేరు, వ్యాపారాలకి కూడా లెక్క లేకుండా వదిలేయడం వేరు.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. పుణేలో 'స్వచ్ఛ్' అనే సహకార సంఘం ఉంది. చెత్త ఏరుకునేవాళ్లే సభ్యులై, కార్పొరేషన్‌తో ఒప్పందం మీద ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటారు, నెల డబ్బు నేరుగా ఇళ్లవాళ్ల దగ్గరే తీసుకుంటారు. హైదరాబాద్ వాళ్లకి ఇది వింతేం కాదు, స్వచ్ఛ ఆటో అన్నకి నెలనెలా ఇచ్చేది మన అమ్మలే. నాకున్న సందేహం ఒక్కటే, డబ్బులివ్వలేని బస్తీలోకి ఆటో తిప్పాలని డ్రైవర్‌కి ఎందుకనిపిస్తుంది? దక్షిణ కొరియాలో 1995 నుంచే ఎంత పడేస్తే అంత కట్టాలి. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు చూపిస్తే డబ్బా మూత తెరుచుకుంటుంది, మిగిలిన అన్నం పోస్తే తూచి బిల్లేస్తుంది. మన ప్రతి వీధిలో అది పెట్టమని నేను అనను, పెట్టిన మూడో రోజుకి మూత ఉండదు. కానీ హోటళ్లకి, హాళ్లకి, మార్కెట్లకి కాటా పెట్టి కిలోకింత అని తీసుకోవచ్చు. ఇళ్లకి మాత్రం విడిగా పన్ను వద్దు. ఇంటి పన్ను రసీదులోనే చెత్తకి ఎంత పోతోందో ఒక లైన్‌లో అచ్చు వేస్తే చాలు.

ఇక్కడిదాకా చదివి తల ఊపుతున్న హాస్టల్ మిత్రులకి ఒక చిన్న లెక్క. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో రోజుకి సగటున 100 కిలోలు దాటితే పెద్ద మొత్తంలో చెత్త చేసేవాళ్ల కింద లెక్కగట్టేవారు. ఆ జాబితాలో హోటళ్ల పక్కనే కాలేజీలు, హాస్టళ్ల పేర్లు కూడా ఉండేవి. వాళ్లు తడి చెత్తని వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చుకోవాలని వాటిలో ఉండేది. వెయ్యి మంది తినే మెస్‌లో తలా వంద గ్రాములు వదిలేస్తే చాలు, 100 కిలోలు. ఉప్మా ఉన్న రోజు మనం వందతో ఆగుతామా? మన డ్రమ్ములు మాత్రం ఇప్పటికీ సాయంత్రం ట్రాక్టర్ ఎక్కి ఊరి డంపింగ్ యార్డుకే వెళ్తున్నాయి. అంటే ఆ బిర్యానీ సెంటర్ వరసలోనే మనమూ ఉన్నాం.

మెస్ స్టోర్‌లో బియ్యం బస్తాలు తూచే కాటా ఉంది. ఒక్క వారం మూడు పూటలా ఆ డ్రమ్ములు దాని మీద పెట్టించండి సార్ అని వార్డెన్ గారిని మేం నలుగురం వెళ్లి అడిగాం. "సెమిస్టర్ పరీక్షలయ్యాక చూద్దాం" అన్నారు. పరీక్షలు ఈ నెల 24కి అయిపోతాయి. 25 పొద్దున టిఫిన్ టైమ్‌కి కాటా దగ్గర ఉంటాం, రాసుకోవడానికి ఇంకో ఇద్దరు కావాలి.