అప్పు ఆమె పేరున, డబ్బు అతని చేతిలో

భర్త కొట్టాడంటే అది హింసేనని ఒప్పుకునేవాళ్లు ఇవాళ కొందరైనా ఉన్నారు. జీతం పడిన రోజే ఏటీఎం కార్డు లాక్కున్నాడంటే మాత్రం 'సంసారమన్నాక మామూలే' అంటారు. హిందూపురంలో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోయే మహిళకైనా, ధర్మవరంలో పట్టునూలు పని చేసే మహిళకైనా, పెనుకొండ పల్లెల్లో కూలికి పోయే మహిళకైనా ఇదే మాట.

2005 నాటి గృహహింస చట్టం అలా అనదు. ఆర్థిక హింసను సెక్షన్ 3లోనే హింసగా చేర్చింది. రక్షణ అధికారి నింపే ఫారంలో జీతం, కూలి బలవంతంగా తీసుకోవడం, చెప్పకుండా నగలు తాకట్టు పెట్టడం స్పష్టంగా ఉన్నాయి. కానీ దళితవాడల్లో ఈ హింస ఎక్కువగా వచ్చేది అప్పు రూపంలో. భూమి లేనివాళ్లకు హామీ లేకుండా దొరికేది డ్వాక్రా, మైక్రోఫైనాన్స్ అప్పే. అది ఆడవాళ్ల పేరునే వస్తుంది. సంతకం ఆమెది, ఖర్చు అతనిది. ఆమె ఇల్లు వదిలితే కంతు భారం గ్రూపులోని తోటి ఆడవాళ్ల మీద పడుతుంది. వాళ్లూ అదే వాడలో, అంతే పేదరికంలో ఉన్నవాళ్లు. కోర్టు మెట్లెక్కడమంటే భర్తతో పాటు వాడనూ ఎదిరించడమే అవుతోంది.

అందుకే అప్పును మొదటి దరఖాస్తులోనే రాయించాలని మేము అంటున్నాం. సెక్షన్ 20 కింద భరణంతో పాటు ఆమెకు జరిగిన నష్టాన్నీ అడగవచ్చు. అతను చెల్లించకపోతే అతని యజమాని నుంచో, అతనికి బాకీ ఉన్నవాళ్ల నుంచో నేరుగా ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. ఫ్యాక్టరీ జీతగాడి విషయంలో ఇది పనిచేస్తుంది. షావుకారు దగ్గర ముందే అడ్వాన్సు తీసుకున్న మగ్గం కార్మికుడి దగ్గర మిగిలేది తక్కువ. ధర్మవరంలో అత్తిల్లు వదిలి పెనుకొండలో పుట్టింటికి చేరిన మహిళ పెనుకొండ కోర్టులోనే కేసు వేయవచ్చు.

60 రోజుల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆలోపు ఎనిమిది వారాల కంతులు దాటిపోతాయి. కాబట్టి సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు అడగాలి. అయినా భర్త మీద వచ్చిన ఉత్తర్వు అప్పిచ్చిన సంస్థను ఆపదు. అక్కడ పనికొచ్చేది రిజర్వు బ్యాంకు మైక్రోఫైనాన్స్ నిబంధనలు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్లు చేయకూడదు, బెదిరించకూడదు. ఫిర్యాదుకు సంస్థ 30 రోజుల్లో స్పందించకపోతే అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

2025 మేలో సుప్రీంకోర్టు జిల్లా, తాలూకా స్థాయిల్లో రక్షణ అధికారులను నియమించాలని, ఉచిత న్యాయ సహాయం గురించి మహిళలకు తెలియజేయాలని ఆదేశించింది. 1987 న్యాయ సేవాధికార చట్టం ప్రకారం దళిత మహిళకు ఈ హక్కు రెండు విధాలా ఉంది: మహిళగా, ఎస్సీగా. ఆదాయ పరిమితి అడ్డురాదు. ఫోన్ నంబరు 15100.

మా డిమాండు ఒకటే. గాయాల సర్టిఫికెట్‌తో పాటు లోన్ కార్డు, పాస్‌బుక్, తాకట్టు రసీదు కూడా హింసకు సాక్ష్యంగా ఫైలులో చేరాలి. కార్యకర్తలు, విద్యార్థులు బాధితురాలి వెంట వెళ్లేటప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: 'అక్కా, నీ పేరు మీద అప్పులెన్ని ఉన్నాయి?'