విద్యార్థి భృతియు గృహ ఋణమును

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. నేడు ఆ రెంటికిని ముందు అప్పు పుట్టించి చూడుమని చేర్చుకొనవలసి యున్నది. గత మాసమున మన సంఘ సభ్యురాలొకరు కార్యాలయమునకు వచ్చి చెప్పుకొన్న విషయమే ఈ నాలుగు మాటలు వ్రాయుటకు కారణము.

ఆమె గని కార్మికుని కుమార్తె. పదేండ్లు ప్రైవేటు పాఠశాలలో చదువు చెప్పి, ముప్పదియైదవ యేట పరిశోధనకు పూనుకొనిరి. ఇప్పుడు ముప్పదియెనిమిదేండ్లు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2023 జనవరి 1 నుండి జూనియర్ ఫెలోషిప్పును నెలకు 37,000 రూపాయలుగను, సీనియర్ ఫెలోషిప్పును 42,000 రూపాయలుగను నిర్ణయించినది. ఆమె రెండవ తరగతికి చెందినవారు. తల్లితో రాబర్ట్‌సన్‌పేటలో అద్దె యింట నున్నారు. చిన్న యిల్లొకటి బేరమునకు రాగా 10 లక్షల ఋణమునకై ఒక బ్యాంకునకు వెళ్ళిరి. జీతపు చీటి యేదని అడిగిరట. ఫారం 16 యేదని అడిగిరట. రెండును లేవని తెలిసిన పిమ్మట దరఖాస్తునైనను పుచ్చుకొనలేదు.

ఇది ఒక్కరి కష్టమని మేము తలంచుట లేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులు త్రవ్వనారంభించినది మొదలు, 1956లో అవి మైసూరు ప్రభుత్వము వశమైనను, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినను, కార్మికునకు పని యున్నంత కాలమే లైనులో ఇల్లు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. మూడు కిలోమీటర్లకు పైబడిన లోతున బంగారము తీసినవారి బిడ్డలకు తాతల నాటి నుండి వచ్చిన కొలువే గాని ఇంటి హక్కు పత్రము రాలేదు. పత్రము లేని యింటిని ఏ బ్యాంకును తనఖా పట్టదు. కనుకనే అవసరము వచ్చినపుడెల్ల మన ఆడపడుచుల మెడలోని గొలుసే కుదువకు పోవుచున్నది. గనులు మూసిన తరువాత తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కి పొట్ట పోసికొన్నవారు, ఆలస్యముగనైనను మరల చదువుకొనుట మనకు గర్వకారణము. ఆ చదువే ఇంటికి అడ్డమగుట విచారకరము.

బ్యాంకు వారి పక్షమున న్యాయము లేకపోలేదు. ఫెలోషిప్పు మొత్తము ఐదేండ్లు. గృహ ఋణము ఇరువదేండ్లు. నూటికి సాలుకు 9 రూపాయల వడ్డీపై 10 లక్షలు ఇరువదేండ్లలో తీర్చినచో నెల వాయిదా రమారమి 9,000 రూపాయలు. పదేండ్లలో తీర్చినచో 12,670 రూపాయలు. 42,000 వచ్చువారికి ఇది మోయరాని భారము కాదు. కాని మన సోదరికి మిగిలినది ఏడాదిన్నర మాత్రమే. అటుపై వాయిదా ఎవరు కట్టుదురను ప్రశ్న అక్రమమైనది కాదు. దరఖాస్తును పుచ్చుకొనకయే త్రిప్పి పంపుట మాత్రము అక్రమము. ఆదాయపు పన్ను చట్టము విద్యార్థి వేతనములకు పన్ను మినహాయించినది. ప్రభుత్వమే పన్ను వలదన్నపుడు ఫారం 16 లేదని ఆదాయమే లేదనుట ఏ లెక్క? విశ్వవిద్యాలయము వ్రాసి యిచ్చిన ఉత్తర్వులో మొత్తమును గడువును రెండును స్పష్టముగ నుండును. దానిని చదివి, గడువునకు తగినంత ఋణము నిర్ణయించుట కష్టము కాదు.

ఇట్టివారు చేయదగినవి కొన్ని కలవు. భృతి యంతయు ఒకే ఖాతాలో పడునట్లు చూచుకొని, పన్ను లేకున్నను ఏటేట రిటర్ను దాఖలు చేయుట మంచిది. స్థిరమైన ఆదాయము గల భర్తనో, భార్యనో, తోబుట్టువునో సహదరఖాస్తుదారుగ చేర్చుకొనవచ్చును. 30 లక్షల లోపు ఋణములకు రిజర్వు బ్యాంకు ఇంటి వెలలో నూటికి 90 వంతుల వరకే అనుమతించినది. తక్కినదియు, స్టాంపు రిజిస్ట్రేషను ఖర్చులును చేతిలో నుండవలెను. 2024 సెప్టెంబరు 1న ఆరంభమైన ప్రధానమంత్రి పట్టణ ఆవాస యోజన రెండవ విడతలో, సాలుకు 9 లక్షల లోపు ఆదాయము గల అర్హులకు, 25 లక్షల లోపు ఋణములో మొదటి 8 లక్షలపై నూటికి 4 వంతుల వడ్డీ రాయితీ ఏర్పరచబడినది. ఉద్యోగము దొరికిన పిమ్మట ముందుగా తీర్చివేయదలచిన వ్యక్తులపై, మారు వడ్డీ గల గృహ ఋణములకు, బ్యాంకులు జరిమానా విధింపరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించినది.

రెండు హెచ్చరికలు కూడ చేయవలసి యున్నది. బ్యాంకు కాదన్నదని విసిగి, చౌకగా వచ్చినవను ఆశతో మనవారు కొందరు రెవెన్యూ సైట్లు కొనుచున్నారు. 1964 నాటి కర్ణాటక భూమి రెవెన్యూ చట్టము 95వ సెక్షను ప్రకారము వ్యవసాయ భూమిని మార్పించుకొననిదే అందు ఇల్లు కట్టరాదు. అట్టి స్థలముపై రేపు ఉద్యోగము వచ్చినను ఋణము పుట్టుట దుర్లభము. ఇక బంధుత్వము కొలది జామీను సంతకము పెట్టు పెద్దలకు ఒక మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, జామీనుదారుని బాధ్యత అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. మొగమాటమునకు పోయి పదవీ విరమణ సొమ్మును పోగొట్టుకొనరాదు. సంతకము పెట్టలేనని చెప్పినవారిని నిష్ఠురమాడుటయు తగదు.

ఈ వయసున చదువేమి, ఈ భృతికి ఇల్లేమి అని మన యిండ్లలోనే వినబడుచున్నది. ఆ మాట మానుదుము. మన సంఘమున బ్యాంకు కొలువు చేసి విశ్రాంతి తీసికొనుచున్నవారు, రిజిస్ట్రారు కచేరి వ్యవహారములు తెలిసినవారు పలువురు గలరు. వారానికొక గంట వారు కార్యాలయమున కూర్చుండి, ఇట్టివారి పత్రములు చూచి, దరఖాస్తు సరిగ వ్రాసి యిచ్చినచో, నోటిమాటతో త్రిప్పి పంపుట ఎవరికిని అంత సులభము కాదు. కాదన్నచో కారణము వ్రాసి యిండని అడుగవచ్చును. మన సోదరి నేటికిని అద్దె యింటనే యున్నారు. ఆమె పత్రములు మా యొద్ద నున్నవి. వానిని మొదట చూచుటకు ఎవరు వత్తురని మేము ఎదురుచూచుచున్నాము.