అమ్మినవాడే వైద్యుడా?

పెబ్బేరు సంతలో ఎద్దును కొన్నారనుకోండి. పళ్ళు చూస్తారు. సుడులు చూస్తారు. నాలుగడుగులు నడిపించి చూస్తారు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుని, పలుపు చేత పుచ్చుకుని ఇంటికి వస్తారు. ఆర్నెల్లకి అది కుంటిందంటే పశువుల డాక్టరు దగ్గరికి తోలుకుపోతారు గానీ అమ్మినవాణ్ణి వెతుక్కుంటూ మళ్ళీ సంతకి పోరు. ఒకవేళ పోయారే అనుకోండి. ఆ పెద్దమనిషి, "దీన్ని నేను తప్ప ఇంకొకడు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నాకూ ఎద్దుకీ సంబంధం లేదు. అయినా కాలికి వైద్యం ఉండదు, ముందు సగం ఎద్దునే మార్చాలి" అన్నాడంటే సంత సంతంతా విరగబడి నవ్వదూ?

కార్ల విషయంలో మాత్రం ఎవరికీ నవ్వు రావటంలేదు. ఎస్టిమేటు కాగితం చేతికిస్తే బుద్ధిగా సంతకం పెట్టి వస్తున్నాం.

వనపర్తి 2016లో జిల్లా కేంద్రం అయింది. అప్పట్నించీ వీధుల్లో కార్లు పెరిగిన మాట కళ్ళకి కనిపిస్తూనే ఉంది. వాటితో పాటే ఒక మాట కూడా పెరిగింది. "షోరూములో ఇచ్చేశామండీ, ఇంక బెంగ లేదు." ఈ మాట మీదే నా తగాదా. కారు కడిగించుకోడానికీ, ఇంజను ఆయిలు మార్పించుకోడానికీ, చక్రాలు సరి చూపించుకోడానికీ షోరూముకి పోండి, నాకేం అభ్యంతరం లేదు. గేరుబాక్సు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అక్కడ బెంగ తీరదు సరిగదా, అక్కడే మొదలవుతుంది.

ఎందుకో చెబుతాను. గేరుబాక్సు అంటే పళ్ళ చక్రాల పెట్టె. ఆ పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ రాత్రింబవళ్ళు తిరుగుతాయి. అవి అరక్కుండా కాపాడేది అందులో పోసిన నూనె. ఎంత కాపాడినా సన్నటి ఇనప రజను రాలుతూనే ఉంటుంది. అందుకే చాలా గేరుబాక్సుల్లో ఆ రజను పట్టుకోడానికి ఒక అయస్కాంతం పెడతారు. నూనె మురికిబట్టి, రజను ఎక్కువైతే బేరింగులు మొరాయిస్తాయి, గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి రింగులు అరుగుతాయి. గేరు వెయ్యబోతే గర్రుమంటుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది. నూనె కూడా ఏదో ఒకటి పోస్తే చెల్లదు. వెనక ఇరుసుకి పోసే కొన్ని చిక్కటి నూనెల్లో గంధకం కలిసిన మందు ఉంటుంది. అది ఆ ఇత్తడి రింగుల్నే తినగలదు. ఆటోమాటిక్ బళ్ళకి సంగతి ఇంకా గడ్డు. అక్కడ నూనె పళ్ళని తడపడమే కాదు, వేడిని మోసుకుపోతుంది, ఒత్తిడితో గేర్లు కూడా మారుస్తుంది. ఒకేసారి మూడు ఉద్యోగాలు.

ఇంత పని చేసే నూనెని ఎప్పుడు మార్చాలని షోరూములో అడిగి చూడండి. తెల్లచొక్కా అబ్బాయి చిరునవ్వుతో, "అది లైఫ్‌టైమ్ ఆయిలండీ, మార్చక్కర్లేదు" అంటాడు. ఎవరి లైఫ్ అని అడగండి. కారుదా, వారంటీదా? ఖరీదైన కార్లెన్నింటికో ఆటోమాటిక్ గేరుబాక్సులు చేసి ఇచ్చే జర్మనీ కంపెనీ జెడ్ ఎఫ్ ఉంది. కొందరు కార్లవాళ్ళు జీవితాంతం మార్చక్కర్లేదన్న ఆ పెట్టెలకే, వాటిని చేసిన ఈ కంపెనీ ఎనిమిదేళ్ళకో, 80 వేల కిలోమీటర్లు దాటాకో నూనె మార్చాలంటుంది. కుండ చేసినవాడు ఒక మాటా, కుండ అమ్మినవాడు ఒక మాటా చెబితే మనం ఎవర్ని నమ్మాలి? అమ్మినవాడి దగ్గర ఏసీ గదీ, ఉచితంగా కాఫీ ఉన్నాయని వాణ్ణే నమ్ముతున్నాం.

నూనెదేముంది, చిన్న విషయం అనుకునేవాళ్ళకి ఒక సంగతి. 2013 నవంబరులో ఫోక్స్‌వాగన్ కంపెనీ ప్రపంచం మొత్తమ్మీద 16 లక్షల కార్లని వెనక్కి పిలిచింది. ఏడు గేర్ల ఆటోమాటిక్ పెట్టెలో తాము పోసిన సింథటిక్ నూనె తీసేసి, మామూలు ఖనిజపు నూనె పొయ్యడానికి. వేడీ ఉక్కా ఎక్కువుండే చోట ఆ పెట్టెలో కరెంటు లోపాలు వస్తున్నాయని తేలింది. పాలమూరు ఎండల్లో బతికేవాళ్ళం మనం. వేడీ నూనే పొత్తు కుదరకపోతే ఏమవుతుందో మనకి వేరే పాఠం కావాలా?

ఇక రెండో మాట. గేరు వణుకుతోందనో, కుదుపు వస్తోందనో చెప్పుకోబోతారు. "మీ డ్రైవింగ్ అలవాటండీ" అంటారు. ఈ మాట విని తలొంచుకుని వచ్చినవాళ్ళు మన ఊళ్ళోనే కాదు, సముద్రాల అవతల కూడా ఉన్నారు. ఆస్ట్రేలియాలో 2011 నించి 2015 దాకా ఫోర్డ్ కంపెనీ పవర్‌షిఫ్ట్ అనే గేరుబాక్సుతో సుమారు 70 వేల కార్లు అమ్మింది. అవి వణుకుతున్నాయని జనం మొత్తుకుంటే, మీరు నడిపే తీరే అంత అని చెప్పి పంపిన సందర్భాలున్నాయి. లోపం ఉందని కంపెనీకి తెలిసీ కూడా! చివరికి 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. అంత చట్టం, అంత గట్టి వినియోగదారుల సంఘం ఉన్న దేశంలోనే తప్పు నడిపేవాడి నెత్తిన వేశారు. కొత్తకోట రోడ్డు మీద ట్యాక్సీ నడుపుకునేవాడి మాట ఎవరు వింటారు?

ట్యాక్సీ అన్నాను గనక ఒక కథ. మా వీధి చివర ఒక కుర్రాడున్నాడు. వాయిదాల మీద కారు కొని వనపర్తికీ హైదరాబాదుకీ మధ్య తిప్పుతాడు. అటు నూటయాభై కిలోమీటర్లు, ఇటు నూటయాభై. ఒకనాడు గేరుబాక్సు గుయ్యిమంది. వారంటీ దాటిపోయింది. అయినా భయపడి పెద్ద ఊళ్ళో షోరూముకే తీసుకుపోయాడు. బండిని పదకొండు రోజులు ఉంచుకున్నారు. పెట్టె విప్పలేదు. విప్పకుండానే "గేరుబాక్సు అసెంబ్లీ మొత్తం మార్చాలి" అని రాసిచ్చారు. లక్షకి నాలుగు వేలు తక్కువ. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు! లోపల ఏం పోయిందో చూశారా అని అడిగితే, విప్పే పద్ధతి లేదన్నారట. బండి కదలకపోయినా వాయిదా మాత్రం తేదీ తప్పకుండా వచ్చింది. ఇంట్లో పిల్ల బడి ఫీజు ఆగింది.

ఆఖరికి ఊళ్ళోనే ఒక షెడ్డులో విప్పించాడు. ఆ మేస్త్రీ నూనెని ఒక తెల్లటి డబ్బాలో పట్టి చూపించాడు. "చూడు తమ్మీ, బొగ్గు తీర్గ ఎట్లయిందో! గీ ఆయిలుతోని గేరుబాక్సు బతుకుతదా? పోయింది గీ బేరింగు ఒక్కటే. కడ్మయి అన్ని మంచిగనే ఉన్నయి" అన్నాడు. బేరింగు మార్చి, పాతది గుడ్డలో చుట్టి చేతికిచ్చాడు. ఖర్చు షోరూము అంచనాలో పదోవంతు కాలేదు. నేను చెప్పదల్చుకున్నది ఆ పదోవంతు గురించి కాదు. ఆ పాత బేరింగు గురించి. పోయిందేదో చూపించాడు. చూపించడమే నమ్మకానికి మొదటి మెట్టు. పెట్టె విప్పనివాడు ఏం చూపిస్తాడు?

ఇక్కడ షోరూము పక్షం వాళ్ళు లేచి, "అయ్యా, మా దగ్గర కంప్యూటరు ఉంది, ప్రత్యేకమైన పనిముట్లున్నాయి, కంపెనీ శిక్షణ ఉంది. మీ షెడ్డువాడు ఆటోమాటిక్ గేరుబాక్సు విప్పితే దాన్ని ఇనపసామాన్లవాడికి అమ్ముకోవలసిందే" అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. కొన్ని పెట్టెల్లో నూనె మట్టం చూడాలంటేనే ఇంజను నడుస్తూ ఉండగా, నూనె ఫలానా వేడిలో ఉన్నప్పుడే చూడాలి. క్లచ్ మారిస్తే కంప్యూటరుకి మళ్ళీ నేర్పించాల్సినవి ఉన్నాయి. తెలీనివాడు వేలు పెడితే అంతే సంగతులు. కానీ నా ప్రశ్న వేరు. అన్నీ ఉన్న మీరు విప్పరు. విప్పేవాడికి ఏమీ ఇవ్వరు. ఇదెక్కడి ధర్మం?

ఇది నా ఊహ కాదు. మన దేశపు కాంపిటిషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న ఒక తీర్పు ఇచ్చింది. 14 కార్ల కంపెనీలు విడిభాగాల్నీ, రోగం కనిపెట్టే పరికరాల్నీ, మరమ్మతు పుస్తకాల్నీ బయటి మెకానిక్కులకి అందకుండా కట్టడి చేస్తున్నాయని తేల్చి, అందరికీ కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట బాగుచేయించుకుంటే వారంటీ పోతుందని బెదిరించడాన్ని కూడా తప్పుపట్టింది. 2016లో అప్పీలు ట్రిబ్యునలు మూడు కంపెనీల విషయంలో జరిమానా లెక్క తగ్గించింది గానీ, తప్పు తప్పేనంది. చూశారా! పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, ఎదురింటివాడికి చదువు రాదని ఎగతాళి చెయ్యడం అంటే ఇదే.

చదువంటే గుర్తొచ్చింది. మన వనపర్తి ఇనప పనిముట్టు పట్టనేర్వని ఊరేం కాదు. 1959 నించి రాజావారి ప్యాలెస్‌లోనే పాలిటెక్నిక్ నడుస్తోంది. రాజులు తిరిగిన మేడలో మామూలు ఇళ్ళ పిల్లలు చదువుకుని డిప్లొమాలు పుచ్చుకున్నారు. అలా చదివిన పిల్లాడు షోరూములో చేరితే వాడికిచ్చే పని ఏమిటి? జాబ్‌కార్డు రాయడం, పాలిష్ అమ్మడం, ఏసీ క్లీనింగ్ అమ్మడం, పాత పెట్టె దింపి కొత్త పెట్టె ఎక్కించడం. చేతిలో విద్య ఉన్నవాణ్ణి అమ్మకాల గుమాస్తాని చేశారు. వాడి మీద నాకు కోపం లేదు. రోజుకి ఇన్ని బళ్ళు, నెలకి ఇంత బిల్లు అని లెక్కగట్టి తరుముతుంటే, నాలుగు గంటలు కూర్చుని ఒక బేరింగు వెతికే తీరిక వాడికెక్కడిది? ఆ లెక్కలు గట్టినవాళ్ళ మీదే నా కోపం. బేరింగు మారిస్తే మిగిలేది చిల్లర. పెట్టె మారిస్తే మిగిలేది నోట్ల కట్ట. కంచే చేను మేసేది ఇక్కడే.

మరి మేమేం చెయ్యాలి అంటారా? వారంటీ ఉన్నన్నాళ్ళూ షోరూముకే పోండి. హక్కు మీది, ఎందుకు వదులుకోవాలి? కానీ నోరు మూసుకుని పోకండి. చప్పుడు వస్తోందంటే "కస్టమరు చప్పుడని అన్నాడు" అని జాబ్‌కార్డు మీద రాయించండి. ఏమీ లేదన్నారంటే ఆ ముక్క కూడా రాసిమ్మనండి. వారంటీ దాటిన మర్నాడు ఆ కాగితమే మీకు సాక్షి. నూనె మార్చామంటే ఏ నూనె, ఏ నంబరు, ఎన్ని లీటర్లు అని బిల్లులో చూడండి. తీసిన నూనె చూపించమనండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. అసెంబ్లీ మార్చాలంటే, ముందు విప్పి, ఏది పోయిందో కాగితం మీద రాయమనండి. ఆ కాగితం ఇవ్వనన్నచోట సంతకం పెట్టకండి.

వారంటీ దాటాక మీ ఇష్టం. మామూలు గేర్ల బండి అయితే చేతివాటం తెలిసిన మేస్త్రీ చాలు. ఆటోమాటిక్ అయితే ఆ పెట్టెలు మాత్రమే చేసే పనివాణ్ణి వెతుక్కోండి, పక్క జిల్లా అయినా సరే. షెడ్డువాడైనా సరే ఇవే ప్రశ్నలు అడగండి. వాడి చేతికి మసి ఉన్నంత మాత్రాన వాడు సత్యహరిశ్చంద్రుడు కాడు. చూపించనివాడు ఎవడైనా ఒకటే.

మోసం జరిగిందనిపిస్తే ఇంట్లో కూర్చుని సణుక్కోకండి. 2019 వినియోగదారుల చట్టం సేవలో లోపాన్ని కూడా లోపమే అంటుంది. 1915 నంబరుకి ఫోను చేస్తే ఫిర్యాదు రాసుకుంటారు. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు కోసం ప్రత్యేకంగా ఒక పోర్టలు కూడా పెట్టింది. అందులో కార్ల కంపెనీలకీ చోటుంది. హక్కు ఉందని తెలిసీ అడగనివాడికి అది అటకెక్కిన ఇత్తడి బిందె లాంటిది. ఉన్నట్టే ఉంటుంది, నీళ్ళు మాత్రం రావు.

షోరూము యజమానులకి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీరు కారు అమ్మారు, మేం డబ్బిచ్చాం. ఆ లెక్క ఆనాడే చెల్లిపోయింది. నమ్మకం మాత్రం ఆ బిల్లులో లేదు. అది మీకు కావాలంటే పెట్టె విప్పండి, మా కళ్ళ ముందు విప్పండి.