రెంటచింతలలో అక్షరాలెన్ని? 27, 9, 5.. కంప్యూటర్ లెక్క మారితే చిక్కెవరికి?

పల్నాడు జిల్లా: ఎండాకాలం వచ్చిందంటే టీవీ స్క్రోలింగ్‌లో రెంటచింతల పేరు కనిపిస్తూనే ఉంటుంది. ఇంతకీ ఆ పేరులో అక్షరాలెన్ని? మనం చదివితే రెం, ట, చిం, త, ల.. మొత్తం 5. కంప్యూటర్‌ను అడిగితే మాత్రం ఒక్కో వెర్షన్ ఒక్కో లెక్క చెబుతుంది.

27 కాస్తా 9 ఎలా అయింది?

పైథాన్ 2లో మామూలుగా రాస్తే వచ్చే జవాబు 27. అది లెక్కపెట్టేది బైట్లను. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. 2008 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 3లో అదే పేరుకు జవాబు 9. ర, ఎత్వం, సున్నా, ట, చ, గుడి, సున్నా, త, ల.. ఇలా విడివిడిగా లెక్కేస్తుంది.

అసలు చిక్కు ఇక్కడే

ఊరి పేరు 20 దాటకూడదని పాత ప్రోగ్రామ్‌లో రూల్ ఉందనుకోండి. పైథాన్ 2లో 27 కాబట్టి అక్కడే ఆగిపోయేది. పైథాన్ 3కి మార్చాక 9 కాబట్టి పాసైపోతుంది. కానీ వెనకున్న ఫైల్‌లో చోటు ఇంకా 20 బైట్లే అయితే? మిగిలేది 'రెంటచి', దాని పక్కన ఓ చెత్త గుర్తు! ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో టెస్ట్ చేస్తే రెండు వెర్షన్లలోనూ 13 అనే వస్తుంది. అంటే తప్పు బయటపడదు. దెబ్బ తగిలేది తెలుగు పేర్లకే.

మాచర్ల లెక్కా మారింది

2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1 ఒత్తుల లెక్కను సరిచేసింది. అంతకుముందు అక్షరాలుగా విడగొడితే మా, చ, ర్, ల.. 4 వచ్చేవి. కొత్త రూల్ ప్రకారం మా, చ, ర్ల.. 3 మాత్రమే. మన కంటికి ఇదే కరెక్ట్. కానీ పాత లెక్కతో దాచుకున్న డేటాకు, కొత్త సాఫ్ట్‌వేర్‌కు ఇప్పుడు పొత్తు కుదరాలి.

మరి మార్పు తప్పా?

కాదు. తెలుగును బైట్ల కుప్పగా చూడటమే అసలు లోపం. పైథాన్ 2కి 2020 జనవరి 1 వరకు సపోర్ట్ ఇచ్చారు. అంటే మారడానికి 11 ఏళ్లకు పైగా టైమ్ దొరికింది. అయినా పాస్‌బుక్‌లో ఒకలా, ఆన్‌లైన్‌లో ఒకలా పేరు పడితే తిరగాల్సింది ప్రోగ్రామర్ కాదు, రైతు. అందుకే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసే ముందు గుణింతాలు, ఒత్తులు ఉన్న పేర్లతో ఒక్కసారి టెస్ట్ చేయాలి. రెంటచింతల, మాచర్ల.. ఈ రెండు పేర్లతో మొదలుపెట్టినా చాలు.