నడుముకూ తెల్లవారి బిందెకూ ఉన్న లెక్క

నడుం నొప్పి అనగానే మన పేటల్లో ఒకటే మాట: "వయసైపోయింది, అంతే." అది సగమే నిజం. మిగతా సగం మనం బరువు ఎత్తే తీరులో, ఎత్తే వేళలో ఉంది.

వెన్నుపూసల మధ్య మెత్తల్లాంటి డిస్కులు 23 ఉంటాయి. చుట్టూ గట్టి నారల వలయాలు, లోపల జిగురులాంటి గుజ్జు. చిన్న వయసులో ఆ గుజ్జులో 80 శాతం దాకా నీళ్లే. పగలంతా బరువుకి ఆ నీరు కొంత పిండుకుపోతుంది, రాత్రి పడుకుంటే మళ్లీ ఊరుతుంది. అందుకే సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు దాకా పొట్టవుతాడు! వయసు పెరిగేకొద్దీ నీరు ఊరడం తగ్గుతుంది, నారలు చిట్లుతాయి. ఇందులో వంశం వంతు కూడా పెద్దదే.

1999లో జర్మనీ పరిశోధకులు ఒక మనిషి నడుం డిస్కులోనే కొలిచే సాధనం పెట్టి చూశారు. పడుకున్నప్పటి ఒత్తిడి 1 అనుకుంటే, నిలబడితే 5. నడుం వంచి 20 కిలోలు ఎత్తితే 23! అదే బరువు మోకాళ్లు వంచి ఎత్తితే 17.

ఇక వేళ సంగతి. పొద్దున లేచేసరికి డిస్కు నీళ్లతో ఉబ్బి బిగిసి ఉంటుంది. అప్పుడు వంగితే నారల మీద లాగుడు ఎక్కువ. మన ఆడవాళ్లు పంపు దగ్గరికీ నీళ్ల లారీ దగ్గరికీ పరిగెత్తేది సరిగ్గా ఆ వేళకే. 15 లీటర్ల బిందె అంటే 15 కిలోలు.

దెబ్బ తగిలేంత బరువు కార్మికుల చేత మోయించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షను చెప్పింది. బిన్నీ మిల్లు కాలం నాటి పెద్దలకి ఇది తెలిసిందే. ఇంట్లో బిందెకి ఏ చట్టమూ లేదు. ఇంటి మనుషులే పట్టించుకోవాలి.

• రాత్రే నీళ్లు పట్టి పెట్టుకోండి. కుదరకపోతే లేచాక కాసేపు అటూ ఇటూ నడిచి, అప్పుడు ఎత్తండి.
• ఒక పెద్ద బిందె బదులు రెండు చిన్నవి. మగపిల్లలూ ఒక చెయ్యి వెయ్యాలి.
• మోకాళ్లు వంచండి, బిందెను ఒంటికి ఆనించండి. ఎత్తుతూ నడుం తిప్పొద్దు, కాళ్లతో తిరగండి.

డిస్కు జారిందన్నా బెంగ వద్దు. చాలామందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుతుంది. అలాగని మంచానికి అంటుకుపోకండి, మెల్లగా నడవండి. కానీ కాలు పట్టు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండా పడిపోయినా ఆ రోజే స్టాన్లీకో, సెంట్రల్ ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రికో వెళ్లండి. రేపటికి వాయిదా వెయ్యొద్దు.