బిడ్డ చదువుకు భర్త సంతకం ఎందుకు?

అమెరికాలో ఆడా మగా తేడా లేదు, చట్టం ముందు అందరూ సమానమే అని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాటలో నిజమెంతో తెలియాలంటే అక్కడ భర్తకు దూరంగా, విడాకులు గానీ కోర్టు వేర్పాటు గానీ లేకుండా, బిడ్డను కాలేజీలో చదివిస్తున్న స్త్రీ పన్ను రిటర్న్ చూడాలి. వాళ్లలో మన తెలుగు స్త్రీలూ ఉన్నారు.

ఏడాది చివరికి 24 ఏళ్లు నిండకుండా, కనీసం 5 నెలలు పూర్తికాలం చదివే విద్యార్థి, తన ఖర్చులో సగానికి మించి తానే భరించకపోతే, సగం ఏడాదికి పైగా తనతో ఉన్న తల్లికో తండ్రికో డిపెండెంట్. కాలేజీ హాస్టల్లో ఉన్న నెలలు కూడా ఇంట్లో ఉన్నట్టే లెక్క. 2009లో వచ్చిన అమెరికన్ ఆపర్చ్యూనిటీ క్రెడిట్, ఆదాయ పరిమితికి లోబడి, అలా చూపించుకున్న వారికే దక్కుతుంది. ఒక్కో విద్యార్థికి ఏడాదికి 2500 డాలర్ల దాకా, నాలుగేళ్లు. కట్టవలసిన పన్ను లేకపోయినా 1000 డాలర్ల దాకా చేతికొస్తుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. పెళ్లయిన మనిషి విడిగా రిటర్న్ వేస్తే ఈ రాయితీలో ఒక్క సెంటు కూడా రాదు. కావాలంటే భర్తతో కలిసి ఉమ్మడి రిటర్న్ మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం ఖరీదెంత? అతను దాచిన ఆదాయానికి, ఎగ్గొట్టిన పన్నుకు ఆమె కూడా పూర్తి బాధ్యురాలు. తర్వాత నాకేమీ తెలియదని నిరూపించుకోవడానికి 8857 ఫారం పట్టుకుని ఆమే తిరగాలి.

'హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్'గా రిటర్న్ వేసుకోవచ్చుగా అంటారు. నిజమే, కొందరికి ఆ దారి ఉంది. కానీ ఏడాదిలో చివరి 6 నెలలూ భర్త ఆ ఇంట్లో ఉండకూడదు. ఇంటి ఖర్చులో సగానికి మించి ఆమే పెట్టి ఉండాలి. దెబ్బలు భరించలేక ఆగస్టులో బయటపడిన స్త్రీ సంగతేమిటి? అక్క ఇంట్లోనో, ఆశ్రయ గృహంలోనో తలదాచుకున్న తల్లి ఏ ఇంటి ఖర్చు లెక్క చూపించాలి? ఎవరి కష్టం ఎక్కువో వాళ్లకే తలుపు మూసే నియమాన్ని న్యాయమని ఎలా అనుకోవాలి?

ఇది చట్టానికి తోచని విషయమూ కాదు. ఆరోగ్య బీమా ప్రీమియం రాయితీలో, గృహహింస వల్ల విడిగా రిటర్న్ వేసేవారికి 2014లోనే మినహాయింపు ఇచ్చారు. తక్కువ ఆదాయంతో పనిచేసేవారికి ఇచ్చే రాయితీని 2021లో, బిడ్డతో విడిగా బతుకుతున్నవారికి కూడా షరతులతో వర్తింపజేశారు. బీమాకు, కూలికి గుర్తొచ్చిన ఈ స్త్రీ, బిడ్డ చదువు దగ్గరకొచ్చేసరికి మళ్లీ ఒకడి భార్య మాత్రమే ఎందుకవుతోంది? అవే మినహాయింపులు చదువు రాయితీకీ ఇవ్వాలి. మనం అడగవలసింది దయ కాదు, ఈ హక్కు.

ఆ మార్పు వచ్చేదాకా అక్కడున్న మన ఆడవాళ్లకు ఈ మాట చేర్చండి. చదవని రిటర్న్ మీద సంతకం పెట్టొద్దు. కాలేజీ ఇచ్చే 1098-టి ఫారం, ఫీజు, అద్దె రసీదులు మీ దగ్గరే ఉంచుకోండి. తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా రిటర్న్ నింపిపెట్టే వీటా కేంద్రాలున్నాయి, అడగండి. బిడ్డ మీ మీద ఆధారపడింది. మీరు మాత్రం ఎవరి సంతకం మీదా ఆధారపడవలసిన అవసరం ఉండకూడదు.